కొక్కెర తెగులు

పల్లెటూరి పెరటిలో తిరుగు పది కోళ్ళు ఆ యింటి యిల్లాలికి చేతిలోని సొమ్ము వంటివి. తెల్లవారి గంప యెత్తగానే అవి దిబ్బల వెంట తిరిగి పురుగులను, రాలిన గింజలను ఏరుకొని తినును. చుట్టము వచ్చినను, బిడ్డకు పుస్తకములు కొనవలసినను అవియే అక్కరకు వచ్చును. అట్టి మంద ఒక్క వారములో తుడిచిపెట్టుకొని పోవుట కలదు. పెక్కుసార్లు దానికి కారణము కొక్కెర తెగులు.

శాస్త్రజ్ఞులు దీనిని న్యూకాజిల్ వ్యాధి యందురు. 1926లో జావా ద్వీపమునందును, ఇంగ్లండులోని న్యూకాజిల్ ప్రాంతమునందును ఇది గుర్తింపబడినది. కొలదికాలమునకే కుమావూను కొండలలోని రాణీఖేతులో కనబడుటచే మన దేశమున దీనికి రాణీఖేత్ వ్యాధి యను పేరు కలిగినది. వ్యాధి సోకిన కోడి మేత మాని, రెక్కలు వ్రేలవైచి, నోరు తెరచి కష్టముతో ఊపిరి పీల్చును. పచ్చగా పారుకొనును. కొన్నిటికి మెడ మెలిదిరుగును, కాళ్ళు చచ్చుపడును. దీనికి మూలము వైరస్. సోకిన పిమ్మట దీనిని నయము చేయు మందు లేదు.

ఈ వైరస్ రెట్టలోను, ముక్కునుండి కారు నీటిలోను ఉండును. చెప్పులకు, గంపలకు అంటుకొని ఇల్లిల్లు తిరుగును. సంక్రాంతి పందెములకు పోయి వచ్చిన పుంజు దానిని వెంటబెట్టుకొని రావచ్చును. అన్నిటికంటె కీడు చేయునది సంత. ఒక కోడి చావగానే, మిగిలినవానినైనను సొమ్ము చేసికొందమని యజమాని వానిని సంతకు తీసికొనిపోవును. అది లేమి చేయించు పనియే. కాని ఆ కోళ్ళతో తెగులు మరి నాలుగు ఊళ్ళకు చేరును.

టీకా యొక్కటే దీనికి రక్ష. పిల్లలకు మొదటి వారములో కంటిలోనో ముక్కులోనో లసోటా మందు చుక్క వేయుదురు. ఎనిమిది వారములు దాటిన పిమ్మట రెక్క క్రింద సూది మందు వేయుదురు. ఆ మందునకు ఆధారమైన వైరస్ రకము 1940 దశకములో ముక్తేశ్వరములోని పరిశోధనాలయమున సిద్ధమైనది. ఇందొక చిక్కు కలదు. ఒక్కొక్క సీసాలో నూరు కోళ్ళకో, అంతకు మించియో మందుండును. కలిపిన తరువాత రెండు గంటలలోపల వాడవలెను. పది కోళ్ళకై సీసా తెరచుట యెవరికిని గిట్టదు. కావున ఊరివారందరు ఒక దినము నిర్ణయించుకొని, గంపలెత్తక మునుపే, వేకువనే టీకా వేయించుట మేలు. మందును మంచులో ఉంచియే తేవలెను. ఎండలో తెచ్చిన మందు వట్టి నీటితో సమానము.

తెగులు వచ్చియే పడినచో రోగముగల కోళ్ళను వేరుగా మూయవలెను. ముందు ఆరోగ్యముగల వానికి మేత వేసి, ఆ పిమ్మటనే వీనిని తాకవలెను. చచ్చినవానిని కాలువలో పారవేయక, లోతుగా గోయి త్రవ్వి సున్నము చల్లి పూడ్చవలెను. కోళ్ళు ఉన్నట్టుండి చచ్చుట పక్షిజ్వరమునందును కలదు; 2025లో అది గోదావరి జిల్లాలలో కనబడెను. ఏది యెట్టిదో కంటితో తేల్చుట కష్టము గనుక పశువైద్యునికి వెంటనే తెలుపవలెను.

మంద పోయిన పెరటిలో వెంటనే క్రొత్త కోళ్ళను విడువరాదు. రెట్ట గీకి, సున్నము కొట్టి, గంపలను ఎండబెట్టి, కొన్ని వారములు ఖాళీగా ఉంచవలెను. తరువాత తెచ్చిన పిల్లలకు టీకా వేయించిన పిదపనే ఇరుగుపొరుగు కోళ్ళతో కలియనీయవలెను.