గేటు దగ్గర చెల్లని టిక్కెట్టు!

సంక్రాంతి అనగానే మన గుంటూరు, ప్రకాశం కుర్రకారుకి కోడిపందేలకన్నా ముందు గుర్తొచ్చేది కొత్త బొమ్మ! పత్తి డబ్బు చేతిలో ఆడుతూ ఉంటుంది, కాలేజీలకు సెలవులు. ఇంకేం కావాలి? ఈ సంగతి మోసగాళ్ళకీ బాగా తెలుసు సుమండీ!

2025 జనవరి 10న 'గేమ్ ఛేంజర్' వచ్చింది. అర్ధరాత్రి ఒంటిగంట ఆటకు ప్రభుత్వమే 600 రూపాయల టిక్కెట్టుకు అనుమతిచ్చింది. ఇక బయట 900 అంటే ఎవరికి అనుమానం వస్తుంది? చిలకలూరిపేటలో చదివే మా మేనల్లుడికీ రాలేదు. టెలిగ్రామ్‌లో ఎవడో ఐదు సీట్లున్నాయంటే 4,500 పంపేశాడు. అది వాళ్ళమ్మ పత్తి తీసిన కూలి డబ్బు. పండక్కి బట్టలు కొనుక్కోమని ఇచ్చింది.

టిక్కెట్టు ఫొటో వచ్చింది. క్యూఆర్ కోడూ, సీటు నంబర్లూ అన్నీ ఉన్నాయి. తీరా గుంటూరులో గేటు దగ్గర మిషను పెట్టి చూస్తే 'వాడేసిన టిక్కెట్టు' అంది! ఒకే ఫొటోని పదిమందికి అమ్మితే ముందొచ్చినవాడిదే సీటు. ఆ పాతకాలం బ్లాకు టిక్కెట్లవాడే నయం... రెట్టింపు గుంజినా అసలు టిక్కెట్టు చేతిలో పెట్టేవాడు!

అంతటితో ఆగితే బాగుండేది. "డబ్బు వెనక్కిస్తా తమ్ముడూ, ఈ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టు" అన్నాడు అవతలివాడు. మావాడు కొట్టాడు. ఇంకో 6,000 పోయింది. మనకి డబ్బు రావడానికి స్కానింగూ అక్కర్లేదు, పిన్నూ అక్కర్లేదు. పిన్ అడిగాడంటే మన ఖాతాలోంచి లాగడానికే!

తెల్లారి పదింటికి నాకు ఫోను.

"మావయ్యా, అమ్మకి చెప్పొద్దు!"

"అదలా ఉంచు. 1930కి చేశావా?"

"అదేం నంబరు?"

చూశారా! సైబర్ నేరాల హెల్ప్‌లైను అది. వెంటనే చెబితే, ఆ డబ్బు చేతులు మారకముందే బ్యాంకులో నిలిపేసే వీలుంటుంది. యాప్‌లో కనిపించే 12 అంకెల యూటీఆర్ నంబరు దగ్గరుంచుకోవాలి. మావాడు సిగ్గుపడి తొమ్మిది గంటలు కూర్చున్నాడు. ఫిర్యాదు రాయించాం గానీ పైసా తిరిగి రాలేదు.

అన్నట్టు, వాట్సాప్‌లో 'పండగ కానుక', 'కొత్త సినిమా ప్రింటు' అంటూ ఏపీకే ఫైలు వస్తే ముట్టుకోకండి. ఫోనులో ఎక్కిందంటే మీ ఓటీపీలు మీకన్నా ముందు వాడే చదువుకుంటాడు.

పండగనాడు మేనల్లుడు పాత చొక్కాతోనే తిరిగాడు. కొత్తది దర్జీ దగ్గరుందని వాళ్ళమ్మతో చెప్పాడట! కనుమనాడు కౌంటరులో టిక్కెట్లు కొని 'సంక్రాంతికి వస్తున్నాం' చూపించాను. హాలంతా నవ్వుతుంటే వాడొక్కడూ నవ్వలేదు. ఇంటికెళ్ళగానే వాళ్ళమ్మకి చెప్పేశాడు.