ట్రాలీ ఎక్కే ముందు టైరు చూడండి

ఒక వానాకాలం నాట్లప్పుడు సంఘం పని మీద మేము బోధన్ దగ్గరి ఒక ఊరికి పోయాం. తెల్లవారుజామున చావడి ముందు ట్రాక్టరు ఆగి ఉంది. ట్రాలీలో ఇరవై మందికి పైగా ఆడకూలీలు, సద్ది గిన్నెలు, ఇద్దరు చంటిపిల్లలు. వంగి చూస్తే ఎడమ పక్క వెనుక టైరుకు బటన్ అన్నది లేదు. నున్నగా గుండులా ఉంది. ఒక పక్కన రబ్బరు చిరిగి లోపలి దారాలు కనిపిస్తున్నాయి. డ్రైవరును అడిగాం. "చెరుకు మోసిన టైరే అన్నా, మనుషులెంత బరువు?" అన్నాడు.

వినడానికి సబబుగానే ఉంది. ఇరవై మంది కలిస్తే ఒక టన్ను, మహా అయితే టన్నుంబావు. చెరుకు లోడు ముందర అదెంత? కానీ ఇక్కడే మోసం ఉంది. నవంబరు నుంచి మార్చి దాకా చెరుకు కింద నలిగిన టైరు ఆ దెబ్బను మరిచిపోదు. మోయలేని బరువు మోసినప్పుడల్లా, గాలి తక్కువై వేడెక్కినప్పుడల్లా లోపలి పొరలు విడిపోతూ ఉంటాయి. పైకి కనబడదు. అది ఎప్పుడు పగులుతుందో చెప్పలేం. చెరుకు కింద పడితే మళ్లీ ఎత్తుకోవచ్చు, మనుషుల సంగతి అట్లా కాదు గదా!

మన జిల్లాలో ఈ బాధ పెరగడానికి ఒక కారణం ఉంది. 1937లో నెలకొల్పిన నిజాం చక్కెర ఫ్యాక్టరీ నడిచినన్నాళ్లూ రెంజల్, ఎడపల్లి, కోటగిరి రైతుకు శక్కర్‌నగర్ గేటు దగ్గరే. మొదట్లో ఇనుప పట్టా బండ్లు, తర్వాత టైరు బండ్లు. ఎడ్ల మెడ మీద భారం తగ్గించింది ఆ టైరే. ఎడ్ల నడకకు తగ్గట్టు చేసిన టైరు అది, ఎడ్లు పరుగెత్తవు కాబట్టి దానికి వేడి బాధ లేదు. 2002లో ఫ్యాక్టరీని ప్రైవేటు చేతికిచ్చారు, 2015 డిసెంబరులో మూతబడింది. ఆ తర్వాత పండించిన చెరుకు కామారెడ్డి వైపు పోవలసి వచ్చింది. నాలుగు మైళ్లు పోయే ట్రాలీ తారు రోడ్డు మీద గంటల తరబడి పరుగెత్తాలి. దూరం పెరిగింది, వేగం పెరిగింది. టైరు మాత్రం పాతదే. ఫ్యాక్టరీ మూతబడితే కార్మికుల జీతాలే పోతాయనుకుంటాం, దాని భారం చివరికి ట్రాలీ టైరు మీద కూడా పడింది.

ట్రాలీ యజమానులందరూ భూస్వాములేం కాదు. కిస్తీలు కట్టలేక తల పట్టుకునే చిన్న రైతులూ ఉన్నారు. లారీలకు వాడి తీసేసిన టైర్లు, రీబటన్ టైర్లు సగం ధరకు దొరుకుతాయి. నిజామాబాద్ పోయి అవే తెచ్చి వేస్తారు. రీబటన్ అంటేనే చెడ్డదని మేమనం. లోపలి గుల్ల గట్టిగా ఉంటే అది బాగానే నడుస్తుంది. గుల్ల పాతదైతే పైన కొత్త రబ్బరు అతికినంత మాత్రాన ప్రాణం రాదు.

కొనేవాళ్లు అడగాల్సింది ముందు సైజు కాదు, బరువు. టైరు పక్కనే అది ఎంత మోస్తుందో, ఏ గాలికి మోస్తుందో అచ్చు వేసి ఉంటుంది. ఒక టైరు 1,500 కిలోలు మోస్తుందనుకుందాం. నాలుగు టైర్లకు 6,000 కిలోలు. అందులో ట్రాలీ సొంత బరువు తీసేయాలి, మిగిలిందే సరుకు. ఈ లెక్క వేసేవాళ్లు తక్కువ. ట్రాలీలకు ఎక్కువగా వాడే 7.50-16, 9.00-16 టైర్ల మీద ప్లై అని ఒక అంకె కూడా ఉంటుంది. 16 ప్లై అంటే లోపల పదహారు పొరలున్నాయని కాదు, అంత గట్టితనం ఉందని. దాని పక్కన వేగానికి ఒక అక్షరం ఉంటుంది. ఏ8 అని ఉంటే గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదు. మరో నాలుగంకెలు తయారైన తేదీ చెబుతాయి. 2319 అంటే 2019లో 23వ వారం. బటన్ ఎంత మిగిలినా పక్కలు బీటలు వారిన పాత టైరు పనికిరాదు. ఒకే ఇరుసుకు ఒక పక్క రేడియల్, ఒక పక్క మామూలు టైరు వేయడం కూడా తప్పే.

మంచి టైరునైనా చంపేది గాలి. మనది నల్లరేగడి. తడి చేనులో దిగబడకుండా డ్రైవరు గాలి తీస్తాడు. చేనులో అది సరైన పనే. రోడ్డెక్కాక మళ్లీ కొట్టించాలి, పంచరు షాపు దాకా పోవాలి, గేటు దగ్గర వరుస తప్పిపోతుంది. అట్లాగే లాగిస్తాడు. మెత్తబడిన టైరు ప్రతి చుట్టుకూ నలిగి కాగుతుంది. చూసుకోవాల్సింది పొద్దున టైరు చల్లగా ఉన్నప్పుడు. కాగిన టైరులో గాలి ఎక్కువైందని తీయకూడదు, చల్లబడ్డాక తక్కువైపోతుంది. చెరుకు నరికిన మోళ్లు టైరు పక్కలను కోస్తాయి. జంట టైర్ల మధ్య ఇరుక్కున్న రాయిని అక్కడే తీసేయాలి.

ఇంత చెప్పినా ఒక మాట దాచకూడదు. ట్రాలీ సరుకు మోసే బండి, మనుషులను ఎక్కించేందుకు చట్టం ఒప్పుకోదు. ప్రమాదం జరిగాక బీమా కంపెనీ కోర్టులో పట్టుకునేది ఆ మాటనే. 2018 జూన్‌లో యాదాద్రి జిల్లా వేములకొండ దగ్గర కూలీల ట్రాక్టరు మూసీ కాలువలో పడి పదిహేను మంది చనిపోయారు. అక్కడ టైరే కారణమని మేమనడం లేదు. పొద్దున పనికి బయలుదేరిన ఆడవాళ్లు ఎంత ధీమా లేని బండి ఎక్కుతున్నారో చెబుతున్నాం. పనికి పిలిచేవాడు ఆటోనో బస్సో పెట్టాలన్నదే మన డిమాండు. కూలి రేటు మాట్లాడేనాడే దీన్నీ మాట్లాడాలి. మేము చాలా ఊళ్లలో రేటు ఒక్కటే మాట్లాడి లేచి వచ్చాం, ఆ తప్పు మాదే.

ఆ రోజు చావడి దగ్గర మేము ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. దారాలు తేలిన చోట వేలు పెట్టి చూపించాం. ముందు ఒక పెద్దమ్మ దిగింది, "నా మనుమరాలుంది బిడ్డా ఇందులో" అంటూ. తర్వాత అందరూ దిగారు. ఆసామికి కోపం వచ్చింది, నారు ఎండిపోతుందన్నాడు. చివరికి ఊళ్లోనే రెండు ఆటోలు మాట్లాడాడు, కిరాయి ఎవరివ్వాలన్న పేచీ గంటసేపు నడిచింది. ఆసామే ఇచ్చాడు. నాట్లు పది గంటలకు మొదలయ్యాయి, కూలి మాత్రం పూర్తిగా ముట్టింది.