బీట్‌రూట్‌ను నారు పోసి నాటవచ్చా?

దుంప కూరగాయలను నారు పోసి నాటరాదన్నది వ్యవసాయ విద్యార్థి తొలి సంవత్సరంలోనే నేర్చుకునే పాఠం. ముల్లంగి, క్యారెట్ పంటలకు అది పూర్తిగా వర్తిస్తుంది. బీట్‌రూట్ విషయంలో మాత్రం అది సగమే నిజం. పైరులో పోగుంటలు పడినప్పుడు, ఒత్తుగా మొలిచిన చోట తీసిన మొక్కలను ఆ ఖాళీల్లో నాటుకోవచ్చునా అని రైతు అడుగుతాడు. "వద్దు" అంటే పనికివచ్చే మొక్కలు గట్టున పడి ఎండిపోతాయి. "పొలమంతా నారుతోనే వేయండి" అంటే భరించలేని కూలి ఖర్చు మీద పడుతుంది. ఏ సమాధానం ఎక్కడ చెల్లుతుందో తేల్చాలంటే ఈ పంట విత్తనాన్ని, దుంప ఊరే తీరును ముందుగా పరిశీలించాలి.

విత్తనం కాదు, కాయల గుత్తి

బీట్‌రూట్ విత్తనంగా అమ్మే గరుకైన గింజ వృక్షశాస్త్రరీత్యా విత్తనం కాదు. పక్కపక్కనే పూసిన పూల అడుగుభాగాలు అతుక్కొని గట్టిపడిన కాయల గుత్తి అది. ఒక్కో గుత్తిలో సాధారణంగా 2 నుంచి 5 వరకు అసలు విత్తనాలు ఉంటాయి. అందువల్ల ఎంత దూరం పాటించి విత్తినా ఒకేచోట రెండు మూడు మొలకలు వస్తాయి. మొలక పరీక్షలో గుత్తి నుంచి ఒక్క మంచి మొలక వచ్చినా, నాలుగు వచ్చినా ఒకటిగానే లెక్కిస్తారు. కాబట్టి సంచిపై ముద్రించిన మొలక శాతం పొలంలో నిలిచే మొక్కల సంఖ్యను తెలుపదు.

చక్కెర బీట్‌లో ఈ చిక్కు తీరడానికి 1948లో అమెరికాలోని ఒరెగాన్‌లో వి.ఎఫ్. సావిట్‌స్కీ గుర్తించిన ఏకబీజ మొక్కలు దారి చూపాయి. కూరగాయ బీట్‌లోనూ ఏకబీజ రకాలు ఉన్నప్పటికీ, డెట్రాయిట్ డార్క్ రెడ్, క్రిమ్సన్ గ్లోబ్ వంటి పరిచిత రకాలు బహుబీజ గుత్తులనే ఇస్తాయి. ఈ రకాల్లో మొక్కలను పలుచన చేయడం తప్పని పని.

గుత్తి పైపొరలోని ఫినాలిక్ పదార్థాలు మొలకను అడ్డుకుంటాయి. ఇవి నీటిలో కరిగేవి. గింజలను 8 నుంచి 12 గంటలు నానబెట్టి, ఆ నీటిని పారబోసి, మంచినీటితో కడిగి విత్తితే మొలక త్వరగా, ఒకేసారి వస్తుంది. నానబెట్టడం అంతకు మించరాదు. తడి ఎక్కువైతే గుత్తి లోపలికి గాలి అందదు.

దుంప ఊరే చోటు

క్యారెట్‌లో తినే భాగం ప్రధానంగా తల్లివేరు. నాటేటప్పుడు దాని కొన తెగితే దుంప చీలిపోతుంది. గుండ్రని బీట్‌రూట్ రకాల్లో దుంప ఎక్కువగా అధోబీజదళం నుంచి, అంటే బీజదళాలకు దిగువన, వేరుకు ఎగువన ఉండే చిన్న కాండభాగం నుంచి, తల్లివేరు పైభాగం నుంచి ఏర్పడుతుంది. అక్కడ వరుసగా పుట్టే కేంబియం వలయాలే కోసిన దుంపలో ఉంగరాలుగా కనిపిస్తాయి. వేరు కొన కొంత దెబ్బతిన్నా ఈ భాగం చెక్కుచెదరదు. నారు నాటడానికి వీలు కల్పించేది ఈ నిర్మాణమే. పొడవైన స్తంభాకార రకాలకు ఈ వెసులుబాటు లేదు. వాటిని నేరుగానే విత్తాలి.

నారు పెంపకం, నాటడం

ప్రోట్రేలలో కోకోపీట్, బాగా మాగిన వర్మీకంపోస్టు మిశ్రమం నింపి, గుంతకు ఒక గుత్తి చొప్పున 1 నుంచి 1.5 సెం.మీ. లోతులో విత్తాలి. మొలకలు కనిపించగానే వెలుతురు బాగా అందేలా చూడాలి. నీడ ఎక్కువైతే కాడ సాగి నారు వాలిపోతుంది. నీరు నిలిస్తే నారుకుళ్ళు తెగులు వస్తుంది. అదనపు మొక్కలను పీకకుండా కత్తెరతో మొదలంటా కత్తిరిస్తే, ఉంచిన మొక్క వేరు కదలదు.

మూడు నాలుగు వారాల్లో, 3 నుంచి 4 నిజ ఆకులున్నప్పుడు నాటాలి. ఆలస్యమైతే తల్లివేరు గుంత అడుగున చుట్టుకుంటుంది. నాటడానికి వారం ముందు నీటి తడులను తగ్గించి నారును గట్టిపరచాలి. సాయంత్రం వేళ, తడిపిన మడిలో, వేరు నిటారుగా దిగేంత లోతైన గుంట తీసి, ట్రేలో ఉన్న లోతులోనే నాటాలి. మొవ్వు మట్టిలో కూరుకుపోరాదు. వెంటనే తేలికపాటి తడి ఇవ్వాలి. పలుచన చేసిన మొక్కలతో పోగుంటలు నింపేటప్పుడు ముందుగా నేలను తడిపి, వేరు తెగకుండా తీసి, అదే సాయంత్రం నాటాలి.

లెక్క ఎక్కడ కుదురుతుంది?

30×10 సెం.మీ. దూరంలో ఎకరాకు సుమారు 1,35,000 మొక్కలు పడతాయి. వాటికి 98 గుంతల ప్రోట్రేలు దాదాపు 1,380 కావాలి. అన్ని మొక్కలను చేతితో నాటడం చిన్న రైతుకు సాధ్యం కాదు. గుత్తి స్వభావాన్నే ఉపయోగించుకునే మార్గం ఒకటుంది. గుంతకు మూడు మొక్కలను ఉంచి 30×30 సెం.మీ. దూరంలో నాటితే మొక్కల సంఖ్య అంతే ఉంటుంది. నాటే గుంటలు 45,000కు, ట్రేలు 460కి తగ్గుతాయి. ఇంగ్లండ్ పెరటితోటల్లో ఈ పద్ధతి వాడుకలో ఉంది. దుంపలు ఒకదానినొకటి నెట్టుకుంటూ ఊరుతాయి కనుక పరిమాణంలో తేడా ఉంటుంది. పెద్దవాటిని ముందుగా తీసుకుంటూ పోవాలి.

ఉప్పు ప్రభావమున్న నేలల్లో నారుకు మరో ప్రయోజనం ఉంది. నేల సంతృప్త సారపు విద్యుత్ వాహకత మీటరుకు 4 డెసీసైమన్ల వరకు పెరిగిన బీట్‌రూట్ దిగుబడి తగ్గదు. మొలక దశలో మాత్రం అది 3 మించరాదు. మంచినీటితో ట్రేలో మొలిపించిన నారు ఆ సున్నిత దశను దాటి పొలంలోకి వస్తుంది.

జపాన్‌లోని హొక్కాయిడోలో వేసవి చిన్నది కావడంతో చక్కెర బీట్‌ను కాగితపు కుండీల్లో పెంచి యంత్రాలతో నాటే విధానం స్థిరపడింది. కూలీల కొరత పెరగడంతో అక్కడి రైతులు కొందరు తిరిగి నేరుగా విత్తడం వైపు మళ్ళుతున్నారు. యంత్రాలున్న చోటనే కూలి లెక్క నిర్ణయాన్ని మార్చగలిగినప్పుడు, చేతితో నాటే చోట దానిని విస్మరించి సిఫారసు చేయడం తగదు.

కాబట్టి విస్తరణ శాస్త్రవేత్త సలహా ఒకే మాటలో ఉండరాదు. విశాలమైన పొలానికి కడిగిన విత్తనాన్ని నేరుగా విత్తడమే మేలు. పోగుంటలకు, పెరటితోటలకు, ఉప్పు నేలల్లోని చిన్న మడులకు లేతనారు తగినది. సలహా ఇచ్చే ముందు రైతును మూడు విషయాలు అడగాలి: రకం గుండ్రనిదా, నారు వయసెంత, నాటే చేతులెన్ని?