మార్వాడీలందరిదీ మార్వాడీ కాదు!

రాజస్థాన్ నుంచి వచ్చి మన ఊళ్లో కొట్టు పెట్టుకున్నవాళ్లు ఎవరైనా సరే... మనకి మార్వాడీలే. వాళ్లు మాట్లాడేది మార్వాడీయే! కానీ కోటా వైపు నుంచి వచ్చినాయన ఆ మాట ఒప్పుకోడు. ఆయనది హాడౌతీ. జైపూర్ చుట్టుపక్కల ఢూంఢాడీ, ఉదయ్‌పూర్, చిత్తోర్‌గఢ్‌లలో మేవాడీ, అల్వర్‌లో మేవాతీ. అసలైన మార్వాడీ వినాలంటే జోధ్‌పూర్, జైసల్మేర్‌ల ఎడారి సీమకు వెళ్లాలి. మార్వాడీ అనగానే గుర్తొచ్చే బిర్లాల సొంతూరు పిలానీ కూడా మార్వాడ్‌లో లేదు, షెఖావతీ ప్రాంతంలో ఉంది. ఈ భాషలన్నిటినీ ‘రాజస్థానీ’ అనే ఒక్క గొడుగు కిందికి తెచ్చింది ఐసీఎస్ అధికారి జార్జ్ గ్రియర్సన్. ఆయన భాషా సర్వేలో ఆ సంపుటి వచ్చింది 1908లో.

‘రాముడి ఇల్లు’ అనాలనుకోండి. జోధ్‌పూర్‌లో ‘రామ్ రో ఘర్’. జైపూర్ పల్లెల్లో ‘రామ్ కో ఘర్’. గుజరాత్‌ను ఆనుకుని ఉన్న డూంగర్‌పూర్ వాగడీలో రో, కో రెండూ పోయి గుజరాతీలో మాదిరి ‘నో’ వినిపిస్తుంది. ‘ఉంది’ అనడానికి జోధ్‌పూర్‌లో ‘హై’ అంటే జైపూర్ వైపు ‘ఛై’ అంటారు. మన తండాల్లోని లంబాడీదీ ఈ కుటుంబమే. అందులో జోధ్‌పూర్ ‘రో’ ఉంది, జైపూర్ ‘ఛై’ని తలపించే ‘ఛ’ కూడా ఉంది!

వినడానికి ఎంతో బాగుండే ఈ వైవిధ్యమే ఇప్పుడు చిక్కు తెచ్చిపెట్టింది. రాజస్థానీని రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లో చేర్చాలని 2003లోనే ఆ రాష్ట్ర శాసనసభ ఏకగ్రీవంగా తీర్మానించింది. నేటికీ చోటు దక్కలేదు. చర్చ వచ్చినప్పుడల్లా ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే... ఏ రాజస్థానీ? మార్వాడీనే ప్రామాణికం చేస్తే మా మాట ఏమైపోతుందని మిగతావాళ్ల బెంగ. పాఠ్యపుస్తకాల తెలుగు ఏ జిల్లాలదన్న గొడవ ఎరిగిన మనకి అదేమీ కొత్త కాదు.

2011 జనాభా లెక్కల్లో 2.58 కోట్లమంది తమ మాతృభాష రాజస్థానీ అనే చెప్పారు. మరో 78 లక్షల మంది మార్వాడీ అనీ, 42 లక్షల మంది మేవాడీ అనీ రాయించుకున్నారు. వీళ్లందరినీ సర్కారు కలిపేసింది హిందీ పద్దులో! వాగడీని మాత్రం భీలీలో కలిపింది.

సాహిత్య అకాడమీ మాత్రం షెడ్యూల్ కోసం ఆగలేదు. 1974లోనే రాజస్థానీకి అవార్డు ఇచ్చింది. అందుకున్నది జోధ్‌పూర్ జిల్లా బోరుందా గ్రామానికి చెందిన విజయ్‌దాన్ దేథా. పల్లె నోళ్లలో నానిన కథల్ని ఆ భాషలోనే తిరగరాసిన మనిషి. షారుక్ ఖాన్ ‘పహేలీ’ (2005) సినిమాకి ఆధారం ఆయన ‘దువిధా’ కథే. సినిమా తీసింది మాత్రం హిందీలో.