మిద్దె మీది చూపు

పెగడపల్లిలో గానీ, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చుట్టుపక్కల గానీ ఏ సంఘానికి వెళ్లినా ప్రార్థన మనవుల్లో దుబాయి, మస్కట్, సౌదీ పేర్లు తప్పక వినిపిస్తాయి. భర్త రెండేళ్లకో మూడేళ్లకో సెలవు మీద వస్తాడు. ఈలోగా పొలం, పిల్లలు, ముసలి అత్తమామలు, వీసాకు తెచ్చిన అప్పు అన్నీ భార్య నెత్తిమీదే. వాటికి తోడు ఊరి చూపులు. ఆమె ఫోన్లో నవ్వినా, కొత్త చీర కట్టినా ఏదో ఒక మాట పుడుతుంది.

దావీదు పాపాన్ని గూర్చి ప్రసంగించేటప్పుడు మనం ఒక సంగతిని తొందరగా దాటేస్తాం. బత్షెబ భర్త ఊళ్లో లేడు. ఊరియా రబ్బా ముట్టడికి వెళ్లాడు. ఆ సైన్యాన్ని పంపినవాడు దావీదే (2 సమూయేలు 11:1). సాయంకాలం మిద్దె మీద నడుస్తూ ఆమెను చూశాడు. ఆ మొదటి చూపు అనుకోకుండా పడినదే కావచ్చు. తర్వాత ఆమె ఎవరని విచారించాడు. ఏలీయాము కుమార్తె, ఊరియా భార్య అని జవాబు వచ్చింది. ఒకరి కూతురని, ఒకరి ఇల్లాలని తెలిసిన తర్వాతే ఆమెను పిలిపించాడు.

ప్రభువైన యేసు కొండమీది ప్రసంగంలో ఖండించింది ఇలాంటి చూపునే (మత్తయి 5:28). అక్కడి గ్రీకు మాటల్లో, మోహించాలనే ఉద్దేశంతో చూడటం అనే భావం ఉంది. పొరుగువాని భార్యను ఆశింపకూడదన్న పదో ఆజ్ఞకు (నిర్గమకాండము 20:17) ప్రాచీన గ్రీకు అనువాదంలో వాడిన క్రియ కూడా అదే. మనసులో మెదిలిన ప్రతి తలంపూ వ్యభిచారమేనని కుమిలిపోయే యౌవనస్థులకు నేను ఈ తేడా చెబుతుంటాను. శోధన రావడం పాపం కాదు. అర్ధరాత్రి ఫోన్లో వెతికి వెతికి చూసేవాడికి మాత్రం ఈ సాకు చెల్లదు, అతడు గల్ఫ్ క్యాంపులో ఉన్నా, మన ఊళ్లో ఉన్నా.

ఇంకొక మాట. ప్రభువు ఆమెను ముసుగు వేసుకొమ్మనలేదు. పెరికివేయమన్నది చూసేవాని కన్ను. నాతాను ప్రవక్త కూడా గొఱ్ఱెపిల్లను తప్పుపట్టలేదు, దాన్ని పట్టుకుపోయినవాణ్ణే నిలదీశాడు. మన సంఘాల్లో మాత్రం పుకారు పుడితే మొదట పిలిపించేది ఆమెనే! మగవాణ్ణి అడగడానికి పెద్దలకు మొహమాటం.

మన పల్లెల్లో ప్రతివారికీ ఒక వరుస ఉంటుంది. ‘వదినె వరుసే గదా, పరాచికమాడితే తప్పేంది’ అంటారు. ఆమె నవ్వలేక, తిట్టలేక తల దించుకొని పోతుంది. యౌవన స్త్రీలను పూర్ణ పవిత్రతతో అక్కచెల్లెండ్రుగా ఎంచుమని పౌలు తిమోతికి రాశాడు (1 తిమోతి 5:2). తిమోతి సంఘ సేవకుడు. కాబట్టి ఈ మాట ముందుగా తగిలేది మా పాస్టర్లకే. భర్త దూరాన ఉన్న ఇంటికి ప్రార్థనకు వెళ్లవలసివస్తే నేను నా భార్యను వెంటబెట్టుకొని పోతాను. ఆమెకు తీరకపోతే ఆ ప్రార్థన మరునాటికి వాయిదా.

సొలొమోను పుట్టేనాటికి బత్షెబ దావీదుకు భార్యే. అయినా వంశావళి రాసిన మత్తయి ఆమెను దావీదు భార్య అనలేదు. ఆమె పేరూ చెప్పలేదు. ఊరియా భార్యగా ఉండినదనే రాశాడు (మత్తయి 1:6).