తల ముట్టుకోమంటే కాలివేళ్లు

పరీక్ష పెట్టే ఆవిడ అయిదేళ్ల పాపతో ముందు మామూలు ఆటే ఆడిస్తుంది. తల ముట్టుకో, కాలివేళ్లు ముట్టుకో. ఆ తర్వాత నియమం తిరగేస్తుంది: ఇక నుంచి తల అంటే కాలివేళ్లు ముట్టుకోవాలి, కాలివేళ్లు అంటే తల. ‘తల ముట్టుకో’ అనగానే పాప చెయ్యి అలవాటుగా పైకి లేస్తుంది. చెవి దాకా వెళ్లి ఆగుతుంది. గబుక్కున కిందికి దిగి వేళ్లను తాకుతుంది. దీనికి ఒక మార్కు. తడబడకుండా నేరుగా కిందికి వంగితే రెండు. తలే ముట్టుకుంటే సున్నా.

అమెరికాలో మేగన్ మెక్‌లెలాండ్, క్లెయిర్ కామెరాన్ తదితరులు రూపొందించిన ఈ పరీక్షలో గమనించవలసింది ఆ ఒక్క మార్కునే. చెయ్యి మధ్యలో ఆగిందంటే పాప చెప్పింది విన్నది, కొత్త నియమం గుర్తు తెచ్చుకుంది, లేచిన చేతిని తనే ఆపుకుంది. టీచరు మాట పూర్తయ్యేదాకా ఆగాలన్నా, మొదలుపెట్టిన లెక్కను మధ్యలో వదలకుండా ఉండాలన్నా కావలసింది ఈ నిగ్రహమే. ఇందులో బాగా చేసిన పిల్లలు ఆ తర్వాత చదవడంలో, లెక్కల్లో కూడా ముందుంటున్నారని పలు అధ్యయనాలు చూపాయి.

మన ఇళ్లలో మాత్రం బడికి సిద్ధమయ్యాడా అంటే అఆలు దిద్దుతున్నాడా, వంద దాకా ఒప్పజెబుతున్నాడా అనే చూస్తాం.

2011 నుంచి 2016 దాకా అంబేద్కర్ విశ్వవిద్యాలయం, అసర్ సెంటర్ కలిసి అస్సాం, రాజస్థాన్, తెలంగాణ గ్రామాల్లో సుమారు 14 వేల మంది పిల్లలను నాలుగో ఏట నుంచి ఎనిమిదో ఏట దాకా గమనించాయి. ఏది ఎక్కువ, ఏది తక్కువ? ఈ బొమ్మల్లో ఏవేవి ఒక జట్టు? ఏది ముందు జరిగింది, ఏది తర్వాత? బడికి సిద్ధమయ్యారో లేదో చూడడానికి అయిదో ఏట అడిగినవి ఇలాంటివి. చాలామంది ఆ వయసుకు ఉండవలసిన స్థాయికి బాగా దిగువనే ఉన్నారు. అయిదో ఏట మెరుగ్గా ఉన్నవాళ్లు తర్వాతి తరగతుల్లోనూ మెరుగ్గానే ఉన్నారు. అప్పటి అంగన్‌వాడీల్లో చదువుకు సంబంధించిన ఆటపాటలు చాలా తక్కువ. ప్రైవేటు ఎల్‌కేజీల్లో చదువు ఉండేది గానీ అది చూచిరాతలు, బట్టీలు. నాలుగేళ్ల పిల్లకు ఏది తగునో అది రెండు చోట్లా దొరకలేదు. ఫీజు కట్టినంత మాత్రాన పిల్ల సిద్ధమవుతుందన్న నమ్మకం ఎంత బలహీనమైందో దీన్ని బట్టి తెలుస్తుంది.

మరి ఆటలు ఆడిస్తే సరిపోతుందా? ఢిల్లీలో 214 పూర్వ ప్రాథమిక కేంద్రాల్లో 1,540 మంది పిల్లలతో జరిగిన ప్రయోగం ఈ ప్రశ్నకే జవాబు వెతికింది. మోయిరా డిల్లన్, హరిణి కణ్ణన్, ఎలిజబెత్ స్పెల్కీ, ఎస్తేర్ డఫ్లో తదితరులు దాని ఫలితాలను 2017లో ‘సైన్స్’ పత్రికలో ప్రచురించారు. నాలుగు నెలల పాటు కొందరు పిల్లల చేత లెక్కల ఆటలు ఆడించారు: ఏ వైపు చుక్కలు ఎక్కువున్నాయో లెక్కపెట్టకుండా చూపుతోనే చెప్పడం, ఆకారాల్లో తేడా ఉన్నదాన్ని పట్టుకోవడం. అంచనా వేసే ఆ నేర్పు బాగా పెరిగింది, ఏడాది గడిచినా నిలిచింది. ఆటలు ముగిసిన కొత్తలో అంకెల లెక్కల్లోనూ కొంత మెరుగుదల కనిపించింది. తీరా ఒకటో తరగతికి వెళ్లాక బడి లెక్కల్లో మిగతా పిల్లల కన్నా వాళ్లు ముందుండలేదు.

ఇది నిరాశపరిచే ఫలితమే అయినా విలువైనది. చుక్కల గుంపును చూసి ఎక్కువ తక్కువలు పసిగట్టడం ఒకటి, పలక మీద 7 అనే గుర్తు ఆ గుంపుకే పేరని తెలియడం మరొకటి. మొదటిది వచ్చినంత మాత్రాన రెండోది దానంతట అదే రాదు. చింతగింజలు లెక్కపెడుతున్నప్పుడే పక్కన అంకె కూడా రాసి చూపే పెద్దమనిషి పిల్లకు కావాలి.

ఆ పెద్దమనిషికి తీరిక ఉండాలి కదా. అంగన్‌వాడీ టీచరు ఒక్కరే వండించాలి, పిల్లల బరువులు తూయాలి, రిజిస్టర్లు రాయాలి. తమిళనాడులో కార్తీక్ మురళీధరన్, అలెహాంద్రో గనిమియన్, క్రిస్టఫర్ వాల్టర్స్ జరిపిన అధ్యయనంలో కొన్ని కేంద్రాలకు చదువు చెప్పడానికే పూటపని మనిషిని ఒకరిని అదనంగా ఇచ్చారు. నేర్పే సమయం రెట్టింపయింది. పిల్లలకు లెక్కల్లోనూ భాషలోనూ మార్కులు పెరిగాయి. పాత టీచరుకు పోషణ పనులు చూసుకునే వెసులుబాటు దొరకడంతో తీవ్ర పోషకాహార లోపం కూడా తగ్గింది.