డేటా మైగ్రేషన్

పాత సాఫ్ట్‌వేర్‌లోని ఖాతాలు, బకాయిలు, చిరునామాలను కొత్తదానిలోకి చేర్చడమే డేటా మైగ్రేషన్. ఇల్లు మారినట్టే. కాకపోతే ఇక్కడ ఒక్క గిన్నె తగ్గినా లెక్క తప్పుతుంది.

మనకు దగ్గరి ఉదాహరణ ఆంధ్రా బ్యాంక్. 1923లో మచిలీపట్నంలో మొదలైన ఈ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంక్‌లో విలీనమైంది. కాగితం మీద విలీనానికి ఒక్క రోజు చాలింది. శాఖల కంప్యూటర్లను కలపడానికి నెలలు పట్టింది. ‘ఏఎన్‌డీబీ’తో మొదలయ్యే ఐఎఫ్ఎస్‌సీ కోడ్‌లు పోయి ‘యూబీఐఎన్’ కోడ్‌లు వచ్చాయి.

చిన్న వ్యాపారాలకూ ఇదే తిప్పలు. చిక్కడపల్లిలో ఒక మందుల షాపు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మార్చుతోందనుకుందాం. పాతదానిలో పేరుకు ఒకటే గడి. కొత్తది పేరు వేరు, ఇంటిపేరు వేరు అడుగుతుంది. ‘కె.వి.రావు’ను ఎక్కడ విడదీయాలి? ఒకే మనిషి మూడు స్పెల్లింగులతో ముగ్గురై ఉంటే అప్పు ఎవరి పద్దులో వేయాలి?

అందుకే ముందు డేటాను శుభ్రం చేస్తారు, నమూనాగా కొంత తరలిస్తారు, రెండువైపులా మొత్తాలు సరిచూస్తారు.

అయితే డేటా సరిగ్గా చేరినంత మాత్రాన పని అయిపోయినట్టు కాదు. బ్రిటన్‌లో టీఎస్‌బీ బ్యాంకు 2018 ఏప్రిల్‌లో సుమారు 52 లక్షల ఖాతాదారుల వివరాలను కొత్త వ్యవస్థకు మార్చింది. వివరాలు చేరాయి కానీ వ్యవస్థ తడబడింది. లక్షల మంది తమ ఖాతాలు తెరవలేకపోయారు. 2022 డిసెంబరులో నియంత్రణ సంస్థలు 4.86 కోట్ల పౌండ్లకు పైగా జరిమానా వేశాయి.